టక్కుమనేదాకా

మా మేనమామ ఏ మూతనైనా బిగించే ముందు కాస్త వెనక్కి తిప్పేవాడు. పచ్చడి సీసా అయినా, నీళ్ల బాటిలైనా అంతే. లోపల మర మొదలు దొరికి టక్కుమన్నాకే ముందుకు తిప్పేవాడు. చూసేవాళ్లకు చిరాకేసేది. బొగ్గుగనిలో ఫిట్టరుగా రిటైరయ్యాక పినపాకలో షెడ్డు వేసుకుని, మరలు చెడిన ఇంజన్ భాగాలకు మళ్లీ మరలు కోసేవాడు.

ఒకసారి ఒక రైతు ట్రాక్టరు తెచ్చాడు. ఆయిల్ బోల్టును వంకరగా ఎక్కించి పానాతో బలవంతంగా బిగించడంతో రంధ్రంలో మరలన్నీ నలిగిపోయాయి.

"పొలంల దమ్ము ఆగింది. జల్దీ కానియ్యి అన్నా," అన్నాడు రైతు.

మర కోసే ట్యాపును మామ కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూనే ఉన్నాడు. "జల్దీ చేస్తెనే గిట్లయింది. జబర్దస్తీ చేస్తే ఉన్న మర గూడ పోతది," అన్నాడు తలెత్తకుండా.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నేను చూడటానికి వెళ్లేసరికి మంచం మీద కూర్చుని, నీళ్ల బాటిలును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో మూత పెడుతున్నాడు. మూత జారి కిందపడింది. తీసివ్వబోయాను.

"నువ్వు ముట్టకు," అని కసిరాడు.

వంగి తనే తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు. జారింది. మళ్లీ తిప్పాడు. చాలాసేపటికి టక్కుమంది. మూత గట్టిగా బిగించి, నుదుటి చెమట తుడుచుకుని, వంటింట్లో ఉన్న అత్తయ్యను కేకేశాడు:

"షెడ్డు తాళంచెవి ఏడ పెట్టినవే?"