మస్తాన్ బాబాయి పనికిరావన్న పిస్తోళ్ళు

మనవరాలు కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే ఆ వాసన గది నిండా సన్నగా పరుచుకుంది. కళ్ళు మూసుకున్నాను. గది ఎటో జారిపోయింది. నరసరావుపేట అవతల పుష్యమాసపు మంచు, ఆ మంచులో తేలుతున్నట్టు దూరాన కోటప్పకొండ, నా పక్కన వెలిసిపోయిన ఖాకీ చొక్కాలో ఒక బక్కపలచని మనిషి. ఆయన పేరు మస్తాన్. నేను బాబాయి అనేదాన్ని. ఆయనతో నేను గడిపింది మొత్తం మూడు ఉదయాలూ, ఒక సాయంత్రమూ.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. సైన్యం వదిలించుకున్న పిస్తోళ్ళు చవగ్గా అంగళ్ళకు వచ్చాయి. పేటలో తుపాకుల దుకాణం షావుకారు అలాంటివి మూడు తెప్పించాడు. సైన్యంలో ఆయుధాలు బాగుచేసి తిరిగొచ్చిన మస్తాన్ బాబాయి, కొనేవాళ్ళ చేతే కాల్పించి చూసి చీటీ రాసిస్తేనే వాటిని అమ్మేవాడు. ఆ పరీక్ష పోలీసుల చాంద్‌మారీలో జరిగేది. చాంద్‌మారీ అంటే పెద్ద కట్టడమేమీ కాదు. గుట్టకు ఆనించి పోసిన మట్టికట్ట, దాని ముందు గురి చూడటానికి నిలబెట్టిన ఒక చెక్క పలక, అంతే.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మాది గురజాల దగ్గర పల్లె. అంతకు ముందు ఏడు పొలం గట్టు తగాదాలో నా భర్తను ఆయన పెదనాన్న కొడుకే గొడ్డలితో నరికాడు. కళ్ళారా చూసినవాళ్ళు కోర్టులో చూడలేదన్నారు. అతను మెడలో దండతో ఊళ్ళోకి తిరిగి వచ్చాడు. మా నాన్నకు ఆయుధం లైసెన్సు ఉండేది. ఆయనకు చూపు తగ్గిందని, ఆయన తరఫున వాడే మనిషిగా నా పేరు రాయించుకున్నాను. జొన్నచేలో అడవిపందులు పడుతున్నాయని చెప్పాను. నాన్న నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో నాకిప్పటికీ తెలియదు.

మొదటి ఉదయం మస్తాన్ బాబాయి పిస్తోలు నా చేతిలో పెడుతూ నవ్వారు. "పందులకు పిస్తోలేంది తల్లీ? నాటు తుపాకీ చాలదా?"

"ఎంత దగ్గర్నుంచి కాలిస్తే గురి తప్పదు బాబాయ్?" అని అడిగాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి, చెయ్యి ఎలా చాచాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో చెప్పసాగారు. పేలినప్పుడు ఆ చప్పుడు నాది కానట్టే, ఎవరి కలలోనో వినబడినట్టే అనిపించింది. పొగ మంచులో కలిసి కదలకుండా నిలిచిపోయింది. గుట్ట మీది పిట్టలు లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలాయి. ఆ రోజు గుళ్ళన్నీ మట్టిలోకే పోయాయి. మర్నాడు రెండో పిస్తోలు. దాంతో పలకకు నడిమధ్యన కొట్టాను. పలక ఉన్నచోట నాకు ఒక ముఖం కనబడింది. భయం వేయలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది.

మూడో ఉదయం మూడో పిస్తోలు టక్కుమంది, పేలలేదు. "ఇదేంది బాబాయ్" అంటూ చేతిలో దానితోనే వెనక్కి తిరగబోయాను. ఆయన రెండు చేతులతో నా మణికట్టు పట్టి గుట్టవైపే బిగించారు. ఊపిరి పీల్చేంత సేపు గడిచింది. అప్పుడు పేలింది.

నేను తిరగబోయిన వైపు, మేమొచ్చిన బండి తొట్టిలో, శాలువా కప్పుకుని మా నాన్న కూర్చుని ఉన్నారు.

అక్కడే కూలబడ్డాను. మస్తాన్ బాబాయి పిస్తోలు తీసి పక్కన పెట్టి, నా ఎదుట గొంతుక్కూర్చున్నారు. "అందరూ ఎంత దూరం కొడుతుందని అడుగుతారు. నువ్వు ఎంత దగ్గర అన్నావ్. ఎవరమ్మా అతను?"

ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట చెప్పేశాను. అంతా విన్నాక, "వద్దని చెప్పడానికి నేనెవర్ని? నేను బాగుచేసిన తుపాకులతో ఎందరు పోయారో నాకు తెలీదు. తెలీకపోవడమే చానా బరువుగా ఉంది తల్లీ. నీకైతే ఎవర్ని చంపావో రోజూ తెలుస్తానే ఉంటది" అన్నారు.

తరువాత జేబులోంచి పెన్సిలు ముక్క తీసి చీటీ రాశారు. మూడూ పనికిరావు అని.

"రెండోది నడిమధ్యన కొట్టింది గదా!" అని అరిచాను.

"చీటీ రాసేది నేను" అని లేచి వెళ్ళిపోయారు. దారి పొడవునా ఆయన్ని తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

ఏడాదిన్నర తరువాత, గుంటూరులో టీచరు ట్రైనింగులో చేరబోతూ పేటలో దిగాను. షావుకారు ఇంకో మనిషికి చూపిస్తే మొదటి రెండు పిస్తోళ్ళూ నిక్షేపంగా ఉన్నాయట. మస్తాన్ మాటను ఇక ఎవరూ నమ్మడం లేదట. వెతుక్కుంటూ వెళ్ళేసరికి సాయంత్రమైంది. బాబాయి ఒక తాటాకు పందిరి కింద కుట్టుమిషన్లు బాగుచేస్తున్నారు.

"అబద్ధం ఎందుకు రాశారు బాబాయ్?"

ఆయన తలెత్తి, నన్ను గుర్తుపట్టి, చేతులు తుడుచుకున్నారు. "పిస్తోలు బాగానే ఉంది. ఆ రోజున నువ్వే బాగాలేవు."

టీ తెప్పించి తాగే వరకు కదలనివ్వలేదు. ఆ తరువాత ఆయన్ని నేను చూడలేదు.

నా భర్తను చంపినవాడు ముసలివాడై, మంచాన పడి పోయాడు. చూడటానికి వెళ్ళలేదు. మొదట్లో పిస్తోలు లేకనే ఆగాను, అందులో నా గొప్పేమీ లేదు. ఆ తరువాత బడి వచ్చింది, మళ్ళీ పెళ్ళయింది, పిల్లలు వచ్చారు, ఒక రోజు వెనకే ఇంకో రోజు వచ్చింది. అతన్ని నేను క్షమించలేదు, చంపనూ లేదు. ఆ రెంటికీ మధ్య ఒక మనిషి నిండుగా బతకడానికి సరిపోయే చోటు ఉంటుందని నాకు తెలియదు. ఒకాయన తన మంచిపేరు పోగొట్టుకుని నాకు ఆ చోటు చూపించారు. అందులోనే ఇన్నేళ్ళూ బతికాను.