గంజి చుక్క, పాల చుక్క

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా ఇల్లు, నాయన అంగడి ఒకే కప్పు కింద ఉండేవి. చాగలమర్రి దారిలోని ఒక పల్లె నుంచి ఒకామె తెల్లవారే బస్సుకు వచ్చి మా వీధిలో పాలు పోసేది. పిల్లలమంతా ఆమెను పాలక్క అనేవాళ్లం.

ఒక వేసవిలో ఆమె పోసే పాలు ఉన్నట్టుండి చిక్కబడ్డాయి. ఎవరు మొదలుపెట్టారో కానీ, పాలక్క గంజి కలుపుతోందన్న మాట వీధంతా పాకింది. ఒకరిని చూసి ఒకరు పాలు మానేశారు. ఆఖరికి మా నాయనమ్మ, మేము జేజి అనేవాళ్లం, ఆమె కూడా గిన్నె బయటికి తేలేదు.

"యాడి గంజమ్మా? బర్రెకు పత్తిగింజలు పెడతాండా, అందుకే చిక్కగుండాయి" అని పాలక్క గడప బయటే నిలబడి చెప్పుకుంది. ఆ పాల మీదే ఆమె ఇల్లు గడిచేది.

నంద్యాలలో డిగ్రీ చదివే మా చిన్నత్త సెలవులకు వచ్చి ఉంది. ఆమె ఎవరి వైపూ మాట్లాడలేదు. పాలక్కను లోపలికి పిలిచి జేజి పక్కనే కూర్చోబెట్టింది. మా మోకాళ్లు గీరుకుపోతే పూసే టింక్చర్ అయోడిన్ సీసా తీసింది. ఒక గాజు గ్లాసులో మా ఇంటి గంజి, ఇంకో గ్లాసులో ఆ పాలు కాచి చల్లార్చి పోసింది.

"నువ్వే వెయ్యమ్మా" అని సీసా జేజికే ఇచ్చింది.

గంజిలో చుక్క పడగానే నల్లటి నీలం కమ్ముకుంది. జేజి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. గంజిలో ఉండే పిండిపదార్థమంటే చక్కెర పూసలు గుచ్చిన పొడవాటి గొలుసనీ, అది మెలికలు తిరిగి ఉంటుందనీ, ఆ మెలికల్లోకి అయోడిన్ దూరితే ఈ రంగు వస్తుందనీ అత్త చెప్పింది. తర్వాత జేజి పాలలో వేసింది. కాస్త పసుపు తిరిగాయంతే. జేజికి నమ్మకం కుదరలేదు. తనే ఆ పాలలో చెంచాడు గంజి కలిపి మళ్లీ చుక్క వేసింది. ఈసారి పాలు నీలమయ్యాయి.

జేజి సీసాకు మూత బిగించి అత్త చేతికిచ్చింది.

"గంజి లేదని మాత్రమే తెలిసిందమ్మా. నీళ్లు కలిపిందో లేదో ఇది చెప్పదు" అంది అత్త, ఉన్నమాట దాచకుండా.

"ఎండాకాలం రవ్వంత పడతాయిలే పాపా" అని పాలక్క తలొంచుకుంది. ముందు జేజి నవ్వింది. తర్వాత అందరం నవ్వాం.

ఆ నవ్వుతో అయిపోయిందనుకున్నాను. కానీ జేజి చెప్పులు తొడుక్కుంది. "పా, నేనూ వస్తాండా" అని పాలక్క వెంట బయలుదేరి, పాలు మానేసిన ప్రతి ఇంటి ముందూ ఆగి, తాను కళ్లారా చూసింది చెప్పింది. నేను ఆమె కొంగు పట్టుకుని వెంట నడిచాను. మరుసటి రోజు వీధిలో గిన్నెలు మళ్లీ బయటికి వచ్చాయి.

పరీక్ష ఎలా చేయాలో అత్త దగ్గర నేర్చుకున్నాను. నిజం తేలాక, అబద్ధం తిరిగిన గడపలన్నీ ఆ నిజాన్ని పట్టుకుని మనమే తిరగాలని మాత్రం జేజి వెనక నడుస్తూ నేర్చుకున్నాను. ఈ వయసులో మోకాళ్లు సహకరించకపోయినా, అలాంటి పని పడితే ఇప్పటికీ లేచి వెళతాను.