కొత్తకోటలో విరిగిన బుష్షు

నేను ఆటోమేటిక్ కారు కొన్నది షోకు కోసమని చిట్యాలలో అందరూ అనుకుంటారు. నేనూ అనుకోనిచ్చాను. నా ఎరువుల దుకాణానికి వచ్చే రైతులు "సేటు కాలు కదపకుండ బండి నడుపుతడు" అని నవ్వితే వాళ్లతో పాటు నవ్వేవాణ్ణి. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఇదే సుఖమనీ, క్లచ్ తొక్కి తొక్కి చచ్చే కర్మ నాకెందుకనీ ఉపన్యాసం కూడా దంచేవాణ్ణి. అసలు సంగతేమిటంటే నా ఎడమ మోకాలు వంగదు. క్లచ్ తొక్కాలంటే మోకాలు వంచాలి, చాపాలి. అది నా వల్ల కాదు. సీటు బాగా వెనక్కి జరుపుకుని, ముందు నేను కూర్చుని, ఎవరూ చూడనప్పుడు ఆ కాలును చేత్తో లోపలికి లాక్కుంటాను.

మాది మర్రిగూడ దిక్కు. చిన్నప్పుడు తాగింది బోరు నీళ్లు. ఆ నీళ్లలో ఫ్లోరైడు. కొందరికి పళ్ల మీద చారలు పడి అక్కడితో ఆగింది. కొందరికి నడుము వంగిపోయింది. నాకు మోకాలు పట్టుకుంది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది కానీ, అప్పటికే నా కాలు బిగుసుకుపోయింది. దుకాణంలో గల్లా వెనక ఎత్తు కుర్చీ వేయించుకున్నాను కాబట్టి అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. మెల్లగా నడుస్తుంటే నిదానస్తుడన్నారు. అదీ బాగానే ఉందనుకున్నాను.

ఇంత దాపరికం ఎందుకంటే నాకొక బిడ్డ ఉంది. మా దిక్కు పిల్ల అనగానే ముందుగా అడిగేది "ఏ నీళ్లు తాగి పెరిగింది?" అని. మా బిడ్డ పుట్టి పెరిగింది చిట్యాలలో, ఫిల్టర్ నీళ్లు తాగి. దానికి ఏ లోపమూ లేదు. అయినా తండ్రి కాలు చూసినవాళ్లు బిడ్డ కాళ్ల వైపు చూడకుండా ఉండరు. మొదట్లో వచ్చిన సంబంధాలు అట్లాగే పోయాయి. వాళ్లు మొహం మీద ఏమీ అనలేదు, జాతకాలు కలవలేదన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా కాలును నేనే విరగ్గొట్టుకోవాలన్నంత కోపం వచ్చేది.

తర్వాత కొత్తకోట సంబంధం వచ్చింది. పిల్లవాడికి పాలమూరులో ఉద్యోగం, తండ్రికి కొత్తకోటలో వరి పొలం. మా బిడ్డకు పిల్లవాడు నచ్చాడు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేదాకా వచ్చారు. "బాపూ, గీ సంబంధం జర మంచిగ చూడు" అని నోరు తెరిచి అడిగింది. నన్ను ఏదైనా కావాలని అడిగే పిల్ల కాదది. అందుకే ఇల్లు చూడటానికి నేనూ నా భార్యా కొత్తకోట బయలుదేరిన రోజున ఒక్కటే గట్టిగా అనుకున్నాను. మోకాలు అన్న మాట నా నోట రాకూడదు.

అక్కడ అంతా బాగానే జరిగింది. బగారన్నం, కోడికూర పెట్టారు. పిల్లవాని తండ్రి తెల్ల ధోవతి, తెల్ల చొక్కా వేసుకుని నవ్వుతూ తిరిగాడు. మాట ఖాయం కాకముందే నన్ను "బావా" అని, నా భార్యను "చెల్లె" అని పిలవడం మొదలుపెట్టాడు. పిల్లవాడు మాతో పాటు తిని, డ్యూటీ ఉందని పాలమూరు వెళ్లిపోయాడు. మంచిరోజు చూసుకుని చిట్యాలకు వచ్చి పూలు పండ్లు పెట్టుకుని మాట ఖాయం చేసుకుందామన్నారు. ఇక గండం గడిచిందనుకుని, సాయంత్రం చల్లబడ్డాక వెళ్లొస్తామని లేచాం.

కారు వాళ్ల ఇంటి ముందు సందులో ఉంది. స్టార్ట్ చేసి గేరు రాడ్డు వెనక్కి లాగాను. లోపల టక్కుమంది. రాడ్డు పట్టు లేకుండా లొటలొట ఊగింది. దాన్ని ఎటు జరిపినా బండి మాత్రం పార్కింగులోనే ఉంది. ఏమైందో నాకు వెంటనే తెలిసింది. గేరు రాడ్డు అడుగున, దాన్ని గేరుబాక్సు కేబులుతో కలుపుతూ ఒక ప్లాస్టిక్ బుష్షు ఉంటుంది. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది, అంతే. అది బీట ఇచ్చిందని చిట్యాల మెకానిక్ మూత ఊడదీసి చూపించాడు కూడా. తర్వాత మార్పిద్దామని వదిలేశాను. ఇప్పుడది విరిగింది. ఒక ముక్క కేబులు కొసన ఉన్న రంధ్రంలో, ఇంకో ముక్క రాడ్డు కింది మొనకు ఇరుక్కుని ఉంటాయి. వాటిని పీకేసి, కేబులు కొసను మొనకు తగిలించి తీగతో కడితే ఇల్లు చేరొచ్చు. పని చిన్నదే. కానీ అది చేయాలంటే తలుపు తెరిచి, నేల మీద మోకాళ్లు ఆనించి, పెడళ్ల దగ్గరికి తల దూర్చాలి.

అంతలో వడ్ల బస్తాలతో ట్రాక్టరు ఒకటి సందులోకి వచ్చి ఆగి హారన్ కొట్టింది. పార్కింగులో ఇరుక్కున్న బండిని ఎంతమంది తోసినా చక్రాలు తిరగవు. చుట్టుపక్కల వాళ్లు వచ్చి చేరారు. కాబోయే వియ్యంకుడట, పెద్ద కారట అని చెప్పుకుంటున్నారు.

"ఏమైంది బావా?" అని పిల్లవాని తండ్రి దగ్గరికి వచ్చాడు.

"చిన్న ప్లాస్టిక్ ముక్క ఇరిగింది. తీసేస్తె అయిపోతది."

"తియ్యరాదు మరి?"

నేను దిగి డిక్కీ దగ్గరికి వెళ్లాను. స్క్రూడ్రైవరు, పట్కారు, తీగ చుట్ట తీసుకుని వచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. నా భార్య వాటిని నా చేతిలోంచి తీసుకోబోయింది. "నువ్వుండు చెల్లె, మా ఇంటికొచ్చి మట్టిల కూసుంటవా?" అని ఆయన అడ్డుపడ్డాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను సామాను ఆయన చేతికి ఇచ్చాను.

మా వాళ్లలో పిల్లనిచ్చే తండ్రి పిల్లవాని తండ్రి ఎదుట గొంతు పెంచి మాట్లాడడు. రేపు పెళ్లిపీటల మీద ఆయన కొడుకు కాళ్లు కడగాల్సింది నేను. అట్లాంటిది ఆయన తెల్ల ధోవతితో మట్టిలో మోకాళ్ల మీద ఉన్నాడు. నేను నిటారుగా నిలబడి "ఎడమకు, ఇంక లోపటికి, గా మూత కింద ఉంటది సూడు" అని పురమాయిస్తున్నాను. దుకాణంలో హమాలీలను అదిలించే గొంతు అది. ఒక ముక్క తొందరగానే ఊడింది. కేబులు రంధ్రంలోది రావడం లేదు. ఆయన పక్కకు ఒరిగి, దాదాపు పడుకుని, స్క్రూడ్రైవరు మొనతో దాన్ని తవ్వుతున్నాడు. వేలు గీరుకుని "అబ్బా" అన్నాడు. అప్పుడు కూడా నేను కదల్లేదు.

పిల్లవాని నానమ్మ, ముసలి అవ్వ, అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఇక ఆగలేకపోయింది. "ఏమయ్యా, పిల్ల తండ్రివి నువ్వు. గట్ల నిలవడి మా కొడుకును మట్టిల పండవెడ్తివి. జర నువ్వు వంగితె ఏం పోతది?" అంది.

అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. జారిపడి మోకాలికి దెబ్బ తగిలిందని అబద్ధం చెప్పొచ్చు. కానీ మోకాలు అన్న మాట వస్తే చాలు, మర్రిగూడను, నీళ్లను, నా బిడ్డను వాళ్లే కలుపుకుంటారు. పొగరుబోతు అనుకుంటే అనుకోనీ, పొగరు బిడ్డకు అంటదు కదా అని నా బుర్రకు తోచింది.

"కొత్త ప్యాంటమ్మా. మట్టయితది" అన్నాను. పైగా నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. అవ్వ మొహం తిప్పుకుంది. నా భార్య మాత్రం నన్ను ఎగాదిగా చూసి, ఆ ముసలామె వైపు తిరిగింది. "అబద్ధం పెద్దమ్మా. ఈయనకు మోకాలు వంగది. మర్రిగూడ నీళ్లు తాగిన కాలు అది. చెప్పుకోను సిగ్గువడ్తడు" అంది.

అయిపోయిందనుకున్నాను. అప్పుడు కారులోంచి ఆయన గొంతు వినిపించింది. తల ఇంకా లోపలే ఉంది.

"మాకెరుకే చెల్లె. పిల్ల మొదట్లనే మా పోరనికి చెప్పింది. మా బాపు కాలు గిట్ల, మీ ఇంట్ల అందరికి ఇష్టమైతెనే ముందుకు పోదమన్నదట. మేం సుత మాట్లాడుకున్నం. దాంట్ల ఫికర్ చేసేది ఏముందనుకున్నం."

నాకు ముందు కోపం వచ్చింది. నేను ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నదాన్ని నా బిడ్డ ఫోన్లో చెప్పేసిందా అని. ఆ వెంటనే నేనన్న ప్యాంటు మాట గుర్తొచ్చి, అవ్వ వైపు చూడలేక కారు వైపు తిరిగాను.

ఆయన రెండో ముక్క కూడా పీకి, తీగతో కేబులు కట్టి, బయటికి వచ్చాడు. ధోవతి అంతా మట్టి, చెంప మీద గ్రీజు, వేలి మీద నెత్తురు. విరిగిన ముక్కలు రెండూ నా చేతిలో పెట్టాడు. "తప్పయింది బావా" అన్నాను. ఆయన వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు.

"కాలు సంగతి ఎరుకయ్యే మిమ్మల్ని పిల్సినం సేటూ. గీ ప్యాంటు సంగతే ఎరుక లేకుండె" అన్నాడు. గొంతులో కోపం లేదు. మధ్యాహ్నం నుంచి బావనైనవాణ్ణి అక్కడ సేటునయ్యాను. "ఇంట్ల ఒకపారి మాట్లాడుకొని ఫోన్ చేస్తం" అన్నాడు. మంచిరోజు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రాడ్డు లాగితే బండి బుద్ధిగా కదిలింది. ఊరు దాటాక నా భార్య మీద విరుచుకుపడ్డాను, నిన్నెవరు చెప్పమన్నారని. "నేను చెప్పకుంటె నువ్వు గా మాట మీదనె ఉంటుంటివి" అని ఆమె కిటికీ వైపు తిరిగింది. అది నిజమే. ఆ సందులోంచి ఆ మాటతోనే, గెలిచినట్టు వచ్చేసేవాణ్ణి.

అప్పుడే బిడ్డ ఫోన్ చేసింది. నా భార్య ఎత్తలేదు, ఫోన్ నా ఒళ్లో పెట్టింది. రోడ్డు పక్కకు తీసి బండి ఆపాను.

"ఏమన్నరు బాపూ?" అని అడిగింది. గొంతు నిండా సంతోషం.

చెప్పాను. బుష్షు విరగడం, ఆయన మట్టిలో పడుకోవడం, అవ్వ అడగడం, నేనన్నది, అన్నీ చెప్పాను. ప్యాంటు మాట గొణిగేశాను, వినబడలేదంటే రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"కాలు గురించి నేను చెప్పుకున్న బాపూ" అంది. "దీనికేమని చెప్పాలె?"