అమ్మ అడిగిన వాలు రేవు

రోడ్డు వేసేవాళ్లు తారు కాస్తుంటే అందరూ ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం ఆగిపోతాను. నాకది అమ్మ వాసన. దాంతోపాటే ఒళ్లు మండుద్ది. అచ్చంపేట అవతల కృష్ణ ఒడ్డున మా యానాది గూడెంలో, ఎండలు ముదిరితే ఏట్లో చేపల వేటకెళ్లే పుట్లని వెదురు దబ్బలతో గుండ్రంగా, పెద్ద బుట్టల్లా అల్లి, యూరియా గోతాలు కుట్టి, డబ్బాలో కాగే తారు పూసేవాళ్లు. వారం దాకా వదలని ఆ నల్ల చేతులతోనే జొన్న సంకటీ జెల్లల పులుసూ తినేవాళ్లం.

ఎనభైల్లో చేపల రేవు కట్టిస్తామని సర్కారు వచ్చింది. ఇంజనీరు మంచోడే, ఉన్నమాట చెప్పాలి. మా చాప మీద కూర్చొని, "మీకెట్టా కావాలమ్మా?" అని అడిగాడు. అమ్మ పుట్టిని నెత్తిన బోర్లించుకొని, నడుం దాకా అందులో మునిగి గట్టెక్కింది.

"ఇప్పుడు నాకు కాళ్లు కనపడతాయా? మెట్లొద్దయ్యా, గరుకు వాలు కావాల," అంది లోపల్నించే.

ఆయన అక్కడే సున్నంతో గీత గీశాడు. వరద ఎందాకా వస్తదో పెద్దోళ్లు కర్రలు పాతి చూపించారు, గూడెమంతా రాళ్లు మోసింది, పిల్లలం కొత్త వాలు మీద ఎక్కీ జారీ బట్టలు చింపుకొని తన్నులు తిన్నాం.

పని ముగిసేవేళ చూడ్డానికొచ్చిన ఓ పెద్దమనిషి, తెల్ల పంచె, కిర్రుచెప్పులు, తడి వాలు మీద జర్రున జారి కూలబడ్డాడు. నవ్వాం. నవ్వక ఏడుస్తామా? అంతే, ఇంజనీరుని బదిలీ చేసి, మా వాలు మీద నున్నటి సిమెంటు మెట్లు పోయించారు. ఏడాదికోసారి దండ వేయించుకొని పోయే కాళ్ల కోసం! "ఊరికే వచ్చినదానికి వంకలేందే," అన్నారు ఊళ్లోవాళ్లు. ఊరికేనా? ఆ రాళ్లు మోసింది ఎవడబ్బ?

తొలకరిలో, పుట్టి నెత్తినుండగా, అమ్మ మూడో మెట్టు మీద తప్పింది. పుట్టి కింద నుంచి అరుపే వినపడింది, మనిషి కనపడలేదు. మోకాలి చిప్ప పగిలింది. నాటుకట్టు అతకలేదు. మళ్లీ ఏట్లోకి పోలేదు. కూర్చొని మిరపకాయల తొడిమలు తీసింది, ఏళ్ల తరబడి. ఆ మెట్ల మీద పుట్టి మోయలేక మిగతావాళ్లూ ఒక్కొక్కరే వేట మానేశారు. నాకు క్షమించడం రాలేదు, రాదు కూడా.

మొన్నొక కుర్ర ఆఫీసరు వచ్చి, రేవు బాగుచేస్తాం, మీ సలహా కావాలన్నాడు. అమ్మ చీర పైకి లాగి వంకర మోకాలు చూపించింది.

"ఒకసారి చెప్పా నాయనా. ఈసారి నువ్వు పుట్టి ఎత్తుకొని ఎక్కు, నేను కూర్చొని చూస్తా."

అతను నిజంగానే లేచాడు. "పుట్టి ఎక్కడుందమ్మా?" అన్నాడు.

గూడెంలో ఒక్కటీ లేదు.