అజీజమ్మ పెరటి నల్లరాయి

పొద్దున పాలు కాచి దించాక, టీ పెట్టుకోకముందే, అజీజున్నీసా పెరటి గోడకు ఆనించి ఉన్న నల్లరాయి దగ్గరికి వెళ్తుంది. పైన కప్పిన గోనెపట్టా తొలగించి, వేలికున్న వెండి ఉంగరంతో మూడుచోట్ల తడుతుంది. నడుమ ఒకసారి, రెండు మూలల్లో ఒక్కోసారి. తల పక్కకు వంచి వింటుంది. ఖంగుమని పలికితే గోనె మళ్లీ కప్పి టీకి పోతుంది.

రాత్రికి రాత్రి రాయికి ఏమవుతుందని భర్త అబ్దుల్ రెహమాన్ అడుగుతూనే ఉంటాడు.

"నీకేమైతాదని నిన్ను దినాం చూస్తాండా గదా," అంటుంది ఆమె.

మార్కాపురంలో ఆ వీధివాళ్లకు ఆమె అజీజమ్మ. పొట్టి మనిషి, చురుకైన చేతులు. పిల్లలు లేరు. రెహమాన్ పలకల గనిలో రాయి చీల్చే పనివాడు. పలచటి ఉలి అంచున పెట్టి మెల్లగా కొడితే, బండ పొరలు పొరలుగా విడిపోవడం అతని చేతిలో చూడాలి. పలకకు పనికిరాని ముక్కలన్నీ ఇంటికి చేరేవి. గడప పలకరాయి. పాలగిన్నె మీద మూత పలకరాయి. మేకల కొట్టం కప్పు, అంట్లు తోమే జాలారి, కారం జాడీల కింద పీట, పొయ్యి చుట్టూ పరిచిన నేల అంతా పలకరాయే. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ రాయి ఆమెకు ఎప్పుడూ కాదనలేదు.

ఇంటికి రెండు వాటాలు, రెంటికీ కలిపి ఒక పెరడు. పక్క వాటాలోకి హమీదా వాళ్లు వచ్చింది పందొమ్మిది వందల యాభై ఎనిమిది మొదట్లో. కర్నూలు జిల్లాలో ఉన్న ఈ ఊరివాళ్లూ హైదరాబాదువాళ్లూ ఒకే రాష్ట్రమై అప్పటికి ఏడాది దాటింది. అక్కడి బళ్లకు పలకలు పంపే వ్యాపారి ఒకాయన, సరుకు ఏరి పెట్టెల్లో సర్దించడానికి ఇక్కడొక మనిషిని పెట్టాడు. ఆ మనిషి భార్య హమీదా. వాళ్లతో ఏడు నెలల పాప, అతని తల్లి ఖుర్షీద్ బేగం కూడా వచ్చారు. ఆ పెద్దామెను అజీజమ్మ 'ఖాలా' అని పిలిచేది. పిన్నమ్మా అన్నట్టు.

వచ్చిన వారం నుంచే హమీదా నీళ్లకు పోతూ పాపను అజీజమ్మ ఒళ్లో పెట్టి పోయేది. మధ్యాహ్నం పాప ఆమె గాజుల చప్పుడుకు తప్ప నిద్రపోయేది కాదు. అన్నాళ్లూ గిన్నెల చప్పుడు తప్ప మరొకటి వినపడని ఇల్లు అది. అజీజమ్మ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అయితే పొయ్యి మీద కూర వదిలేసి కూడా పాపను ఊపుతూ కూర్చునేది.

ఖాలాకు మాత్రం ఊరు నచ్చలేదు. నీళ్లు ఉప్పగా ఉన్నాయంది. గాలిలో రాతిపొడి ఉందంది. ఇక్కడ నిద్ర కూడా రాతి మీద పడుకున్నట్టే ఉందంది. మూడు నెలలు చూసి, హైదరాబాదులో చెల్లెలి ఇంటికి వెళ్లిపోతానని ట్రంకుపెట్టె సర్దుకుంది. మోకాళ్ల నొప్పుల మనిషి, దగ్గరుండి చూసుకునేవాళ్లు కావాలి. అందుకని హమీదా, పాప కూడా ఆమెతో పోవాలని తేలింది. మంగళవారం రైలు. కొడుకు ఒక్కడే ఇక్కడ మిగులుతాడు.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లూ బొప్పాయి చెట్టు నీడన కూర్చున్నారు. వాళ్ల మాటలన్నీ ఉర్దూలోనే. కాకపోతే అజీజమ్మ ఉర్దూలో సగం తెలుగే ఉండేది.

"ఊరినిండా రాళ్లే," అంది ఖాలా. "ఒక్క రాతి మీద ఇంత మాంసం వేసి కాల్చుకోవడం మాత్రం ఒక్కరికీ తెలియదు."

"రాతి మీదనా?" అంది అజీజమ్మ.

"మా ఇంట్లో నెలకు రెండుసార్లు చేసేవాళ్లం. కింద బొగ్గులు, పైన రాయి. ఆ రాయి ఇప్పుడు మా చెల్లెలి ఇంట్లో ఉంది. పలచగా కోసిన ముక్కలు అలా పరిచేస్తే, పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసగా నిలబడేవాళ్లు. మీకేం తెలుసు. మీరు రాతి మీద ఓనమాలు దిద్దుతారు, అంతే."

హమీదా తల దించుకుంది.

"మార్కాపురమోళ్లకే రాయి సంగతి చెప్తాండావా ఖాలా. ఆదివారం మా ఇంట్ల తిను. బాగలేదనుకో, మంగళారం నేనే పోయి జట్కా పిల్చకొస్తా."

"బాగుంటే?" అని అడిగింది హమీదా, పాప టోపీ ముడి సరిచేస్తూ.

అజీజమ్మ ఆ ప్రశ్నను ఇంట్లోకి తీసుకుపోయింది.

శనివారం రెహమాన్ గని నుంచి మంచి రాయి మోయించుకొచ్చాడు. మూరెడు పొడవు, రెండువేళ్ల మందం. అద్దంలా ఉంది.

"చెక్కు లేదు, మచ్చ లేదు," అన్నాడు. "ముప్పై ఏండ్లల్ల ఇంత నున్నటి బండ నా చేతికి రాలే."

"నిప్పుకు ఆగుతాదా?"

"నీ పొయ్యి చుట్టూ ఉండేది ఏందది? పగిలిందా ఎప్పుడన్నా?"

పగలలేదు. అజీజమ్మ చింతపండుతో రాయిని తోమి, మట్టివాసన పోవాలని రాత్రంతా తొట్టి నీళ్లలో నానబెట్టింది.

ఆదివారం ఇటుకలు పేర్చి, తుమ్మబొగ్గులు రాజేసి, రాయిని పైకెత్తించింది. పచ్చిబొప్పాయి నూరి పట్టించిన మాంసం ముక్కలు, అల్లం, మిరియాలు అన్నీ ఖాలా చెప్పినట్టే. ఖాలా ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తోంది. ముక్కలు పరిచారు. చుయ్యిమంది. మంచి వాసనే వచ్చింది. రెహమాన్ అందరి వైపూ ఒకసారి చూశాడు.

అప్పుడు రాయి లోపల ఏదో టిక్కుమంది. ఇంకోసారి టిక్కుమంది. హమీదా పాపను ఎత్తుకుని వెనక్కు జరిగేలోపు టపాకాయ పేలినట్టయింది. పైపొర మొత్తం లేచి, మాంసంతో సహా మేకల కొట్టం వైపు ఎగిరింది. రెండు ముక్కలు బొప్పాయి ఆకుల్లో చిక్కుకున్నాయి. మేకలు గోల చేశాయి. బూడిద కాస్త తేలాక చూస్తే ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాళ్ల ముందు పలచటి, చదునైన రాతిపొర ఒకటి పడి ఉంది.

ఖాలా వంగి దాన్ని తీసుకుంది. వేడి చల్లారేదాకా కొంగుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"రెహమాన్ భాయ్," అంది. "దీనికి చట్రం కట్టించు. మా వాడు పెట్టెలో వేసి హైదరాబాదు బడికి పంపుతాడు."

రెహమాన్ ముందు నవ్వాడు. తర్వాత హమీదా. ఖాలా కూడా మోకాళ్లు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఊరొచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. అజీజమ్మ ఒక్కతే నవ్వలేదు. ఉలి అంచు తగిలితే విడిపోయే రాయి నీళ్లు తాగి నిప్పెక్కితే ఊరుకుంటుందా అని, ఆ ఊళ్లో పుట్టిన తనకు తట్టనందుకు ఆమెకు తలకొట్టేసినట్టయింది. నిప్పుల మీద నీళ్లు చల్లి, లోపలికి పోయి తలుపు చేరవేసుకుంది.

సోమవారం ఆమె పెరట్లోకి రాలేదు. మర్నాడు పిలవాల్సిన జట్కా గురించి ఆలోచిస్తూ బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది. పదిగంటల వేళ కర్ర చప్పుడు వినిపించింది. ఖాలా గడప దాటి లోపలికొచ్చింది. ఈ వాటాలోకి ఆమె రావడం కూడా అదే మొదలు.

"నువ్వు రాయి ఎంచేటప్పుడు నన్నడిగావా?" అంది.

"లేదు ఖాలా."

"మీ ఆయన్ను అడిగావు. ఆయన రాయిని చీల్చడానికి చూస్తాడు. మనకు చీలని రాయి కావాలి. ఈ ఊళ్లో మసాలా దేని మీద నూరుతారు?"

"సన్నికల్లు మీద."

"అది చీలుతుందా?"

అజీజమ్మ చేటలో బియ్యం అలాగే వదిలి లేచింది. మసాలా నూరే ఆ బండ ఆమె వంటింట్లోనే ఉంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి దాని ముందే కూర్చుంటోంది.

తర్లుపాడు దారిలో రోళ్లు, సన్నికళ్లు చెక్కే యల్లయ్య దగ్గరికి ఇద్దరూ జట్కాలో పోయారు. అదే జట్కా. మర్నాటికి మాట్లాడదామనుకున్నది.

"గాట్లు కొట్టని సన్నికల్లు కావాల యల్లయ్యా," అంది అజీజమ్మ. "పైన నున్నగ, నాలుగువేళ్ల మందం."

"గాట్లు లేకుంటే ఏం నూరతావక్కా?"

"నూరేదానిక్కాదు. మాంసం కాల్చేదానికి."

యల్లయ్య ఉలి కింద పెట్టాడు. "బండ మీద కూరనా. మీ ఇంట్ల గిన్నెలేమైనాయి?"

ఖాలా ఈ మాటలేవీ పట్టించుకోలేదు. వరసగా పెట్టిన నల్లరాళ్ల మధ్య కర్రతో నడుస్తూ, ఒక్కోదాన్నీ ఉంగరంతో తట్టి చెవి పెట్టి విన్నది. మొద్దుగా పలికినదాన్ని వదిలేసింది. ఖంగుమన్న మూడింటిని ఎండలోకి లాగించి, వాటి మీద చెంబుడు నీళ్లు పోయించింది. తర్వాత గట్టు మీద కూర్చుంది.

"పెద్దమ్మ ఏం చూస్తాంది?" అని యల్లయ్య మెల్లగా అడిగాడు.

అజీజమ్మ అడిగి తెలుసుకుని చెప్పింది. "ఆరేటప్పుడు చూడాలంట. అంతా ఆరినాక కూడా సన్నగా తడిగీత మిగిలిందంటే, ఆడ లోపల పగులుండాదంట."

ఒకదాని మీద నిజంగానే వెంట్రుకంత గీత మిగిలింది. యల్లయ్య మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూశాడు.

"నా చేత్తో చెక్కినా, నాకే కనపడలే," అన్నాడు. "పెండ్లిచూపుల్ల గూడ ఇన్ని పరీక్షలుండవు పెద్దమ్మా."

ఆ మాట తెలుగులోనే ఖాలాకు అర్థమైంది. "పెళ్లికూతుర్ని నిప్పుల మీద పెట్టరు కదా," అంది ఉర్దూలో. అజీజమ్మ చెప్పేలోపే యల్లయ్య నవ్వాడు.

మిగిలిన రెండింట్లో చిన్నది తీసుకున్నారు. ఇంటికి చేరాక ఖాలా దాన్ని ఎండలో నిలబెట్టించింది. పోసిన నీళ్లు పైపైన ఆరినా లోపల తడి ఉంటుందనీ, మూడు రోజులు ఎండాలనీ చెప్పింది. తర్వాత మూడుసార్లు చిన్నమంట మీద కాచాలి. ప్రతిసారీ దానంతట అదే చల్లారాలి. నీళ్లు పోసి చల్లార్చకూడదు. ఆఖరిసారి ఉప్పు రుద్ది తుడిచి, మాంసం కొవ్వు పూయాలి.

అజీజమ్మ వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టింది. హమీదాయే మెల్లగా అంది, "అమ్మీ, రైలు రేపు కదా."

"రాయి తడిగా ఉంది," అంది ఖాలా. "రైలు రేపు కాకపోతే మరో రోజు వస్తుంది."

అజీజమ్మ పాపను భుజాన వేసుకుని బొప్పాయి చెట్టు వెనక్కు పోయి కాసేపటికి గాని రాలేదు.

మరుసటి ఆదివారం నల్లరాయి ఇటుకల మీదికెక్కింది. మొదట పలచగా నిప్పులు, అరగంటకు మరికొన్ని. తొందరపడితే ఏ రాయైనా ఎదురు తిరుగుతుందని ఖాలా నిప్పుల పార తన చేతిలోనే ఉంచుకుంది. నాలుగు నీటిచుక్కలు చల్లింది. చుక్కలు పూసల్లా రాయి మీద పరుగెత్తాయి. అప్పుడు కొవ్వు రాసి ముక్కలు పరిచారు, ఒకదానికొకటి తగలకుండా. అజీజమ్మ అట్లకాడ తీసుకోగానే ఖాలా చేయి పట్టుకుంది.

"ఊరికే కదిలించకు. ముక్క కాలితే తనే రాయిని వదులుతుంది. ఒక్కసారే తిప్పాలి."

రెహమాన్ మాత్రం గుమ్మం దగ్గరే, తలుపు చాటున నిలబడ్డాడు.

"ఆడ ఏం చేస్తాండావు?" అంది అజీజమ్మ.

"ఏం లేదు. పేలినాక వస్తా."

పేలలేదు. ముక్క అంచులు గోధుమరంగుకు తిరిగాయి. కాలినవాటిని మంట తక్కువున్న అంచుకు జరిపి, నడుమ కొత్తవి వేశారు. మొదటి పళ్లెం ఖాలాకు. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అజీజమ్మ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడింది. చేతి గాజు కూడా కదల్లేదు.

"కారం ఎక్కువ," అంది ఖాలా. రెండో ముక్క తీసుకుంది. "మీ ఊరి కారం." మూడోది తీసుకుంది. "రాయి మా దానికంటే పలచన. త్వరగా వేడెక్కుతుంది. వచ్చేసారి ఇంకా నిదానంగా కాచాలి."

వచ్చేసారి అన్న మాట హమీదా విన్నది. అజీజమ్మ విన్నది. గుమ్మంలోంచి రెహమాన్ కూడా విన్నాడేమో, పళ్లెం తీసుకుని బయటికొచ్చాడు.

ఆ సాయంత్రం ఖాలా కొడుకుతో చెల్లెలికి ఒక కార్డు రాయించింది. మోకాళ్లు బాగున్నాయనీ, పాపకు రెండు పళ్లు వచ్చాయనీ రాయించాక, చివరి వాక్యం తనే ఒక్కో మాటా చెప్పింది: మా రాయి మీ ఇంట్లో ఊరికే పడి ఉంటుంది, ఇక నువ్వే వాడుకో.

కార్డు పోస్టులో వేసి రావడానికి అజీజమ్మ రెహమాన్‌ను అప్పుడే పంపింది, మర్నాటిదాకా ఆగకుండా.

ఇది జరిగి అయిదేళ్లు. ఖాలాకు చూపు మందగించింది, చెవులు బాగానే ఉన్నాయి. వీధిలో ఎవరు కొత్త రోలు కొనాలన్నా ముందు ఆమెతో తట్టించుకుంటారు. యల్లయ్య ఇప్పుడు గాట్లు లేని బండలు కూడా చెక్కి పెడుతున్నాడు. గిద్దలూరు నుంచి ఇద్దరు వచ్చి తీసుకుపోయారు.

అజీజున్నీసాకు ఈ ఏడు యాభై మూడు. ఆదివారాల్లో రెండు వాటాలకూ కలిపి పెరట్లోనే వండుతుంది. మిగతా రోజుల్లో పదింటికి తనే హమీదా కూతుర్ని బడికి దిగబెట్టి వస్తుంది. ఆ పిల్ల చేతిలో ఉండేది రెహమాన్ చీల్చిన పలక.