గుడివాడ మేడమీద జావా, పైథాన్

ఆ రోజుల్లో మాలాంటి వాళ్లకు ప్రోగ్రామింగ్ భాష అంటే ఇలవేల్పుతో సమానం. ఒకడి వేల్పును ఇంకొకడు మెచ్చుకున్న పాపాన పోయేవాడు కాదు. నాది జావా. ఏ డబ్బాలో ఏం పోస్తావో ముందే చెప్పి, పైన పేరు రాశాకే వంట మొదలుపెట్టమనే భాష. పంచదార డబ్బాలో ఉప్పు పోయబోతే పొయ్యి వెలిగించకముందే చెయ్యి పట్టుకుంటుంది. పైథాన్ వాళ్లు దొరికిన గిన్నెలో దొరికింది పోసుకుంటారు. వంట గబగబా అయిపోతుంది. పాయసంలో ఉప్పు పడిందన్న సంగతి మాత్రం విస్తట్లో తేలుతుంది. (ఈ పోలిక నా సొంతం. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెబుతుండేవాణ్ణి.)

ఆ ఊపులోనే బందరు నుంచి తొక్కుడు లడ్డు పట్టుకుని గుడివాడకు పెళ్లిచూపులకు వెళ్లాం. మధ్యవర్తి పామర్రు బాబాయి. జాతకాలు అంతకుముందే కలిశాయి. (ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.) ఫొటో చూసిన రోజునుంచే నా మనసు అక్కడుంది. ఆ అమ్మాయి ఊఁ అంటే చాలు. కాఫీలయ్యాక బాబాయి, "ఇద్దరూ కంప్యూటర్ వాళ్లేనండీ, కాసేపు మాట్లాడుకోనివ్వండి" అని మమ్మల్ని మేడమీదకు పంపాడు. అక్కడ చీరమీద వడియాలు ఎండుతున్నాయి.

"మీరు దేంట్లో రాస్తారండీ?" అన్నాను.

"పైథాన్ అండీ."

నవ్వి ఊరుకోవలసింది. డబ్బాల కథ మొత్తం వినిపించాను. ఓపిగ్గా విని, "నిజమేనండీ. కానీ ఏం వండాలో తేలకముందే డబ్బాల మీద పేర్లు రాస్తూ కూర్చుంటే ఆకలి ఆగుద్దా? నేను రాసేవి సగం ప్రయోగాలే, రేపు పారేసేవి. ఏళ్ల తరబడి నిలవాల్సిందైతే మీ జావానే మేలు" అంది.

ఆవిడ సగం దూరం వచ్చింది. మిగతా సగం నేను నడవలేదు. "చిన్నదైనా పెద్దదైనా ముందే చెప్పాలండీ. ముందు చెప్పనివాణ్ణి నమ్మకూడదు" అన్నాను.

ఆవిడ వడియాల మీద వాలబోయిన కాకిని అదిలించింది. "అయితే అడుగుతాను. పెళ్లయ్యాక నా ఉద్యోగం?"

"చూద్దామండీ."

"కాపురం హైదరాబాదా, బందరా?"

"అప్పటి పరిస్థితిని బట్టి..."

"వంటెవరు చేస్తారు?"

"అదేముందండీ, అదే సర్దుకుంటుంది."

"ప్రోగ్రాముకు జావా, కాపురానికి పైథానా అండీ మీకు? నాది తిరగేసి. ప్రోగ్రాం చెడితే మళ్లీ రాసుకుంటాను. కాపురం అలా కుదరదు కదా."

అప్పుడైనా మూడింటికీ జవాబు చెప్పుంటే సరిపోయేది. "ఇంత గట్టిగా అడిగితే ఎలాగండీ?" అన్నాను.

మర్నాడు బాబాయి ఫోన్ చేసి, "వాళ్లు వద్దన్నార్రా. జాతకాలు కుదరలేదని చెప్పేద్దాంలే" అన్నాడు. మా వైపు వద్దు అన్నమాటకు అదే మర్యాదైన పేరు. దాంతోనైనా ఊరుకున్నానా? అడిగినవాళ్లందరికీ "ఆ అమ్మాయికి నోరెక్కువ" అన్నాను. ఆ మాట పామర్రులో బస్సు మారి గుడివాడ చేరింది. తర్వాత వచ్చిన సంబంధాలవాళ్లు "నోరెక్కువటగా" అని ఆరా తీశారట. చివరికి ఆవిడకు మంచి సంబంధమే కుదిరిందని విన్నాను. అంతమాత్రాన నా మాట మంచిదైపోదు. అందుకని ఇన్నాళ్లకు చెబుతున్నాను: ఆ మేడమీద నోరెక్కువైంది నాకే. ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ న్యాయమైనవి.

ఇప్పుడు పైథాన్‌లోనూ కావాలంటే డబ్బా మీద పేరు రాసుకోవచ్చు. జావా కూడా కొన్నిచోట్ల "నువ్వు చెప్పకపోయినా నేను చూసుకుంటాలే" అంటోంది. ఆ రెండూ ఎప్పుడో రాజీపడ్డాయి, నాకే ఆలస్యమైంది. మొన్న ఆదివారం మా ఆవిడ, "సాయంత్రం వంట మీరా, నేనా?" అంది. "చూద్దా" దాకా వచ్చిన మాటను మింగేసి, "నేనే. ఉప్మా" అన్నాను. మా వంటింట్లో డబ్బాల మీద పేర్లుండవు. రవ్వలో పడింది ఉప్పు కాదు, పంచదారని పళ్లెంలో తేలింది.