చెల్లెలి కోట, శుక్రవారం నీళ్లు

ఆ ఆదివారం నేను ఒక కోట తలుపు తెరిపించాను. చరిత్రలో ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అప్పటికి ఏడేళ్లుగా చిత్తూరులో ఒక హైస్కూల్లో చరిత్ర చెబుతున్నాను. తెలిసి కూడా ఇరుగుపొరుగు ముందు, నోరు తడబడకుండా అబద్ధం చెప్పాను. వింటున్న వాళ్లలో మా చెల్లెలు ఉండడమే అందుకు కారణం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. బడికి సెలవులిస్తే ఐరాల పక్కన ఉన్న మా ఊరికి వచ్చాను. మా నాయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆయన వదిలిపోయిన మూడెకరాల మాగాణి, దాని మధ్య ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి నా చేతికి వచ్చాయి. దాన్ని ఆనుకొని తూర్పున ఉన్న మరో ఎకరా మాత్రం నాది కాదు. మా చెల్లెలిని సొంత ఊళ్లోనే, మేనత్త కొడుక్కి ఇచ్చినప్పుడు మా నాయన దాన్ని పసుపు కుంకుమ కింద ఆమెకు ఇచ్చాడు. భూమి ఇచ్చి నీళ్లివ్వకపోతే ఏం లాభమని, వారానికొక రోజు, శుక్రవారం, బావి నీళ్లన్నీ ఆమె చేనికే అని పెళ్లిపందిట్లో పెద్దల ముందు చెప్పాడు. కాగితం లేదు. మా వైపు ఆడబిడ్డకిచ్చే భూమికి ఎవరూ కాగితం రాసేవారు కాదు. ఆయన బతికినన్నాళ్లు ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు.

ఆ ఏడు బావిలో ఊట తగ్గింది. పొద్దున కపిల కడితే మధ్యాహ్నానికి తోలు బాన అడుగు బురదను తాకేది. నేను కొత్తగా చెరకు నాటించాను. మా ఊళ్లో చెరకు వేసిన మొదటి చదువుకున్నవాణ్ణి నేనే అన్న గర్వం కూడా ఉండేది. చెల్లెలు తన ఎకరాలో రాగులు వేసింది. వెన్నులు బయటపడి గింజ పాలు పోసుకుంటున్నాయి. ఇంకో రెండు తడులు అందితే పంట ఇంటికి వస్తుంది. అందకపోతే తాలు మిగులుతుంది. ఆమె భర్త తిరుపతిలో సత్రాలు కట్టే చోట మేస్త్రీ పనికి పోయి నెలకొకసారి వచ్చేవాడు. ఏడాదంతా ఆ ఇంట్లో ఉడికే సంగటి ఆ ఎకరాలోదే.

ఇదంతా తెలిసే నేను ఒక శుక్రవారం నీళ్లు చెరకుకు మళ్లించమన్నాను. మా కపిల తోలే ముసలాయన మా నాయన కాలం నుంచి ఉన్నవాడు. ఆయన నా ముఖం చూసి, కాలువ మళ్లించాడు. రెండో శుక్రవారం కూడా అదే చెప్పాను. ఆ రోజు చెల్లెలు పార భుజాన వేసుకొని ఇంటికే వచ్చింది.

“ఏమన్నా, నా చేను ఈ వారం కూడా పస్తేనా?”

“వచ్చే వారం చూస్తాంలే అమ్మణ్ణీ. చెరకు చస్తా ఉండాది.”

“నా చేను మాత్రం నవ్వుతా ఉండాదా?”

“నీది ఎకరా, నాది మూడు. బావి ఎవురి భూమిలో ఉండాది?”

బడిలో పిల్లవాడికి లెక్క విడమరిచి చెప్పినట్లు చెప్పాను. ఆమె పార భుజం మార్చుకొని వెళ్లిపోయింది. నాకు అప్పుడు తప్పు చేసినట్లు అనిపించలేదు. పెద్దవాణ్ణి, ఇంటి భారం మోసేవాణ్ణి, ఏది ముందో ఏది వెనకో నాకు తెలుసు అనుకున్నాను.

తరువాత వచ్చిన ఆదివారమే నేను చెప్పిన ఆదివారం. తొలకరికి వేరుశనగ విత్తనం ఒలవాలి. మా ఊళ్లో ఒకరి కాయలు అందరూ కూర్చొని ఒలిచేవాళ్లు, మరునాడు ఇంకొకరివి. ఆ రోజు మా వంతు. పగలు రెండు గంటలప్పుడు మా వసారాలో మా ఆవిడ, ఎదురింటి అవ్వ, ఆమె కోడళ్లిద్దరు, కపిల ముసలాయన చాపల మీద కూర్చున్నారు. చెల్లెలు కూడా వచ్చింది. నీళ్ల గొడవ ఉన్నా ఒలుపు మానదు. అది ఊరి మర్యాద.

కాయలు ఒలిచేటప్పుడు నేను కథ చెప్పడం అలవాటు. పై తరగతికి చెప్పాల్సిన పాఠాన్ని ముందుగా వీళ్లకు చెప్పేవాణ్ణి. వీళ్లకు అర్థమైతే పిల్లలకు అర్థమవుతుందని నా ధీమా. ఆ ఏడు జూన్‌లో చెప్పాల్సింది స్పెయిన్ రాజుల కథ.

“స్పెయిన్ అని ఒక దేశం. తొమ్మిది నూర్ల ఏండ్ల కిందట అది ఒక్క దేశం కాదు, ముక్కలు ముక్కలు,” అని మొదలుపెట్టాను.

“యాడుండాది అబ్బా అది? నాయుడుపేట దాటాల్నా?” అంది అవ్వ.

“నాయుడుపేట దాటి, పులికాట్ దాటి, ఆడ్నించి ఓడెక్కి నెల పోవాల.”

“అంత దూరమోళ్ల గొడవ మనకెందుకప్పా,” అన్నాడు ముసలాయన.

“వాళ్లదీ భూమి గొడవే.”

“అట్లయితే చెప్పు,” అని కాళ్లు ముడుచుకొని సర్దుకున్నాడు.

చెప్పాను. ఒక రాజు తన తండ్రి ఇచ్చిందీ, భార్య వైపు నుంచి వచ్చిందీ, యుద్ధాల్లో గెలిచిందీ కలిపి పెద్ద రాజ్యం చేశాడు. ఉత్తరాన చాలా భాగం ఆయన చేతి కింద ఉండేది. దక్షిణాన ఉన్న ముస్లిం రాజులు కూడా ఆయనకు కప్పం కట్టేవారు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ముసలితనంలో ఆయన తన సామంతులందరినీ పిలిచి వాళ్ల ముందు రాజ్యం పంచాడు. పెద్దవాడికి కాస్టీల్, నడిమివాడికి లియోన్, చిన్నవాడికి గలీసియా. ఆ తరువాతి కాలపు కథల ప్రకారం కూతుళ్లకు చెరొక కోట ఊరు.

“బిడ్డలకీ ఇచ్చినాడా. మంచోడే,” అంది అవ్వ.

“పెద్దోడికి అదే గిట్టలేదు. అంతా నాకే రావాల్సింది, నాయన ముసలితనంలో తెలివి తప్పి పంచినాడని వాడి మంట. నాయన పోయినాక, అమ్మ కూడా పోయిందాకా ఊరుకున్నాడు. ఆమీట చిన్నోన్ని తరిమేసినాడు. నడిమోన్ని పట్టుకొని, రాజ్యం లాక్కొని, దేశం దాటించినాడు. ఆ నడిమోడు ముస్లిం రాజు దగ్గరికి పోయి తలదాచుకున్నాడు.”

“మతం వేరైనా నీడ ఇచ్చినాడు సూడు,” అన్నాడు ముసలాయన.

“ఒక చెల్లెలి ఊరు పట్టేసినాడు. ఇంగ మిగిలింది ఇంకో చెల్లెలి ఊరు. జమోరా అని, నది ఒడ్డున రాతి కోట. పెద్దోడు దండు తీసుకొని పోయి దాన్ని చుట్టేసినాడు. లోపలికి గింజ పోనీలేదు.”

మా చెల్లెలు అప్పటిదాకా తల ఎత్తలేదు. ఆమె చేతుల కింద కాయలు అందరికంటే వేగంగా పగులుతున్నాయి. అప్పుడు అడిగింది.

“ఆ యమ్మకి నాయన ఇచ్చింది నోటిమాటేనా, కాగితముండాదా?”

మా ఆవిడ నా వైపు చూసింది. నేను కథ చెబుతున్నంతసేపూ ఆ పెద్దకొడుకు నేనేనని నాకు తోచనే లేదు. అది మరీ సిగ్గుచేటు. తరగతిలో ఆ పాఠం ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి.

“పెద్దల ముందర చెప్పినాడు,” అన్నాను.

“పెద్దల ముందర చెప్పినాక ఇంగ కాగితమెందుకు,” అని ముసలాయన చేతిలో కాయను చూసుకుంటూ అన్నాడు.

“మరి కోట పట్టినాడా?” అంది అవ్వ. ఆమెకు కథ కావాలి, అంతే.

చరిత్రలో ఆ కోట పట్టుబడలేదు. లోపలున్న చెల్లెలు నెలల తరబడి లొంగలేదు. చివరికి కోటలోంచి ఒకడు పారిపోయి వచ్చినట్లు నటించి, రాజు నమ్మకం సంపాదించి, గోడల బయటే ఆయన్ని చంపాడు. దండు చెదిరింది. దేశం దాటిన తమ్ముడు తిరిగొచ్చి రాజ్యం ఏలాడు. ఇదంతా నా నాలుక చివరే ఉంది. కానీ నా నోట వేరే మాట వచ్చింది.

“పట్టినాడు. చెల్లెలే తలుపు తీసింది. అన్న చేతి కింద ఉంటేనే మేలని తెలుసుకొనింది.”

చెల్లెలు ఒడిలోని పొట్టు దులుపుకొని లేచింది. ఒలిచిన గింజలు చేటలో పోసింది. వసారా మెట్టు దిగుతూ ఆగింది.

“కత ఇంతసేపు బాగా నడిపినావన్నా. ఆకర్న ఆ తలుపు ఊరకనే తెరిపించినావే.”

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు చాలలేదని చెప్పినట్లు అంది. వెళ్లిపోయింది. అవ్వ గొణిగింది, “ఆ రాజు బిడ్డకి బుద్ధి లేదు. ఇన్నినాళ్లు తలుపేసుకొని, మళ్లీ తీస్తాదా ఎవురైనా.”

అందరూ వెళ్లాక చరిత్ర పాఠ్యపుస్తకం తీశాను. ఎవరూ చెప్పకుండానే, సరిచూసుకోవాలని చేయి దానంతటదే పోయింది. ఆ పుటలో, కోట లొంగలేదన్న వాక్యం కింద, నేను ఎప్పుడో గీసిన ఎర్ర సిరా గీత ఉంది. పక్కన నా దస్తూరీలోనే ‘ముఖ్యం’ అని ఉంది. పిల్లలు పరీక్షలో దీన్ని తప్పు రాస్తే నేను మార్కులు తీసేసేవాణ్ణి. ఒక ఎకరా రాగుల మీద ఆశపడి, పుస్తకంలో ఉన్న చచ్చిపోయిన ఆడమనిషి చేత కూడా తలుపు తీయించాను.

పొద్దు వాలకముందే చెల్లెలి చేనికి వెళ్లాను. ఆకులు చివరల నుంచి చుట్టుకుపోయి ఉన్నాయి. ఒక వెన్ను నలిపి చూశాను. పాలు ఇంకా ఉన్నాయి. పల్చగా ఉన్నాయి, కానీ ఉన్నాయి. అక్కడే నిర్ణయించుకున్నాను.

సోమవారం తెల్లవారగానే బావి దగ్గరికి పోయి కాలువ తూర్పుకు మళ్లించమన్నాను.

“ఈ పొద్దు శుక్రవారం కాదే అయివారూ,” అన్నాడు ముసలాయన.

“రెండు శుక్రవారాలు నేను తిన్నాను. ఈ పొద్దు, రేపు ఆమెవి. నువ్వు పోయి చేని కాలువలో మడవ చూసుకో. ఎద్దుల్ని నేను తోలతా.”

ఆయన నా పంచె వైపు, కళ్లద్దాల వైపు చూశాడు. “ఎద్దులకి పాఠం చెప్పొద్దు. మోకు మీద కూర్చో, అవే పోతాయి.”

అవి పోలేదు. ఎద్దులు మోకు లాగుతూ దిగే వాలు దారిలో సగం దిగి నిలబడిపోయాయి. నేను అదిలిస్తే ఎడమది వెనక్కి తిరిగి నన్ను చూసింది. మొదటి బానలో సగం నీళ్లు తొట్టికి చేరకుండానే బావిలో పడ్డాయి. పదో బానకు కుదిరింది. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. చెల్లెలు ఎప్పుడు వచ్చిందో చూడలేదు. కాలువ గట్టు మీద వంగి, నీళ్లు మడి మడికీ పారేలా పారతో మట్టి తీస్తూ ఉంది. నా వైపు రాలేదు. మంగళవారం కూడా అలాగే పనిచేశాం, ఆమె ఆ చివర, నేను ఈ చివర. నా చెరకులో ఆ వారం నాలుగు సాళ్లు ఎండిపోయాయి. ఎండిపోవాల్సినవే.

తరువాతి ఆదివారం ఒలుపు ఎదురింటి అవ్వది. అందరూ ఉన్నారు.

“పోయిన వారం నేను చెప్పిన కత తప్పు,” అన్నాను. “ఆ చెల్లెలు తలుపు తీయలేదు. అన్నే గోడ బయట సచ్చినాడు. నాకు తెలిసే మార్చి చెప్పినాను. ఎందుకు మార్చినానో కూడా ఈడుండే అందరికీ తెలుసు.”

“నేను అప్పుడే చెప్పలా,” అంది అవ్వ కోడళ్లతో. “తలుపేసుకున్నోళ్లు తీయరని.”

చెల్లెలు ఒలుస్తూనే అడిగింది. “ఆ ఊరు ఆమీట ఆ యమ్మకే ఉండెనా?”

“ఉండె. తమ్ముడు రాజైనాక ఆమెనే సలహా అడిగేవాడంట.”

“సచ్చేదాకా పోకుండా నువ్వు కాస్త ముందరే తెలుసుకున్నావులే,” అంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

నా మాట మీద నాకే నమ్మకం తగ్గింది కాబట్టి నాయన ఇచ్చినదాన్ని ఇక నోటిమాటగా వదలలేదు. ఆ వారంలోనే ముసలాయన్ని సాక్షిగా, చెల్లెల్ని వెంటబెట్టుకొని, ముగ్గురం బండి కట్టుకొని చిత్తూరు పోయాం. ఎకరా భూమి, శుక్రవారం నీళ్లు, బావి దగ్గరికి పోయే గట్టు దారి, మూడూ చెల్లెలి పేర, ఆమె తరువాత ఆమె బిడ్డల పేర రాయించి రిజిస్టరు చేయించాను. కాగితం ఆమె చేతికిస్తే మడిచి కొంగున ముడేసుకుంది. చదివి వినిపించమని అడిగింది. వినిపించాను. ఒక్క మాట మార్చలేదు.

ఆ శుక్రవారం ముసలాయనకు జ్వరం. చెల్లెలు పార భుజాన వేసుకొని మా వాకిట్లో నిలబడింది.

“ఈ పొద్దు నా వంతు. ఎద్దులు కట్టు అన్నా,” అంది.

కట్టాను.